5 అడుగుల 10 అంగుళాల పొట్టివాడు

మా చెల్లెలు డెట్రాయిట్ దగ్గర్లో ఉంటుంది. వాళ్లబ్బాయికి పన్నెండేళ్లు. ఇక్కడ పిల్లలు బ్యాటు పట్టుకుని సందులోకి పరిగెత్తినట్టు, అక్కడ వాడు స్కేట్లు భుజాన వేసుకుని ఐస్ హాకీకి పరిగెడతాడు. మొన్న ఆదివారం ఫోన్‌లో చెల్లెలి గొంతు డీలాగా ఉంది. "వీడు పొట్టిగా ఉన్నాడు, డిఫెన్స్‌లో ఆడడానికి పనికిరాడని ఎవరో ఒకాయన అందరి ముందూ అనేశాడక్కా. రెండ్రోజుల్నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు" అంది.

నేను వెంటనే మనందరం అనే మాటే అన్నాను. "ఎదిగే వయసే కదే, పొడుగవుతాడులే. పాలు, గుడ్లు సరిగ్గా పెట్టు."

పక్కనే ఉండి వింటున్నట్టున్నాడు, వాడు ఫోన్ లాక్కున్నాడు. "పెద్దమ్మా, పొడుగవ్వకపోతే?" అన్నాడు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. మళ్లీ వాడే అన్నాడు. "రఫాల్‌స్కీ కూడా పొట్టే, తెలుసా? ఆయనది ఇక్కడే, డియర్‌బోర్న్."

"ఎంత పొట్టిరా?" అనడిగాను.

"ఫైవ్ టెన్."

నవ్వు ఆగలేదు నాకు. 5 అడుగుల 10 అంగుళాలంటే మన సంబంధాల వాళ్లు ఏమంటారు? "అబ్బాయి మంచి పొడగరి, చూడ్డానికి నిండుగా ఉంటాడు" అంటారు. ఆ పొడుగు చూసి కట్నం లెక్క కూడా పైకి జరుపుతారు. అలాంటి మనిషిని పొట్టివాడన్న చోటు ఒకటుందా అని ఆశ్చర్యమేసింది. ఆ వారమంతా మధ్యాహ్నం పని అయ్యాక కూర్చుని ఆయన గురించే చదివాను. ఆట గురించి నాకు అంతకుముందు ఏమీ తెలియదు. తెలిసినంతలో మీకూ చెప్తాను, ఎందుకంటే ఇది ఆట దగ్గర ఆగిపోయే సంగతిలా అనిపించలేదు నాకు.

ఐస్ హాకీలో ఒక్కో జట్టుకి మంచు మీద ఆరుగురుంటారు. ఒకరు గోలీ, ముగ్గురు ముందుకెళ్లి గోల్ కొట్టేవాళ్లు, ఇద్దరు వెనక కాపలా కాసేవాళ్లు. ఆ ఇద్దరినే డిఫెన్స్‌మన్ అంటారు. బంతి ఉండదు, పక్ అని గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. ఒకరినొకరు ఒంటితో ఢీకొట్టడం ఆ ఆటలో భాగమే. అవతలివాళ్లు మన గోల్ ముందు తిష్ట వేసుకుని గోలీకి కళ్లు కనపడకుండా చేస్తారు. వాళ్లని అక్కణ్నుంచి నెట్టేయడం డిఫెన్స్‌మన్ పని. చెయ్యి పొడుగైతే కర్ర దూరం అందుతుంది, ఒళ్లు బరువైతే అవతలివాడు కదులుతాడు. కాబట్టి ఆ చోటుకి ఆరడుగుల పైనున్నవాళ్లని వెతకడంలో అర్థం లేదని అనలేం.

అందులోనూ 1990ల్లో ఆట ఇంకా మొరటుగా ఉండేది. వేగంగా వెళ్లేవాడిని కర్రతో కొక్కెం వేసి లాగినా, చేత్తో పట్టి ఆపినా రిఫరీలు చాలాసార్లు చూసీ చూడనట్టు వదిలేసేవారు. అలాంటి రోజుల్లో బ్రయాన్ రఫాల్‌స్కీ పెద్దవాడయ్యాడు. పుట్టింది 1973లో. 1991 నుంచి 1995 దాకా నాలుగేళ్లు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం జట్టుకి ఆడాడు.

అక్కడ నేషనల్ హాకీ లీగ్ అన్నది అన్నిటికన్నా పెద్ద మెట్టు. అందులోకి వెళ్లడానికి మామూలు దారి డ్రాఫ్ట్. ప్రతి ఏడూ జట్లన్నీ ఒకచోట కూర్చుని వంతులవారీగా కుర్రాళ్ల పేర్లు పిలుస్తాయి. ఆయన ఈడు పిల్లల్ని పిలిచిన ఆ రోజుల్లో ఏటా 250 మందికి పైగా పేర్లు వినపడేవి. ఆయన పేరు ఏ ఏడూ ఎవరూ పిలవలేదు. పెళ్లిచూపుల్లో కాఫీ తాగి వెళ్లి మళ్లీ కబురు పెట్టని వాళ్లు మనకి తెలుసు. ఇక్కడ చూడ్డానికైనా ఎవరూ గుమ్మం తొక్కలేదన్నమాట.

చదువయ్యాక ఆయన స్వీడన్ వెళ్లాడు. బ్రీనాస్ అనే జట్టులో ఒక ఏడు. అక్కణ్నుంచి ఫిన్లాండ్. ముందు హెచ్‌పీకే జట్టులో ఒక ఏడు, తర్వాత హెల్సింకిలో హెచ్‌ఐఎఫ్‌కే జట్టులో రెండేళ్లు. మొత్తం నాలుగేళ్లు. తనతోటివాళ్లు సొంత దేశంలో పెద్ద జట్లలో ఆడుతుంటే తను భాష రాని ఊళ్లలో ఆడాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. అమెరికాలో హాకీ ఆడే మంచు గచ్చు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. అప్పట్లో యూరప్‌లో వాడే పెద్ద గచ్చు వెడల్పు 30 మీటర్లు, అంటే దాదాపు 98 అడుగులు. పదమూడు అడుగులు ఎక్కువ. గది పెద్దదైతే గోడకేసి నొక్కి పట్టడం కష్టం, తప్పించుకుని వెళ్లేవాడికి చోటు దొరుకుతుంది. బాగా స్కేటింగ్ చేసేవాడికి, ముందు చూపున్నవాడికి అది కలిసొచ్చింది. 1998లో ఆయన జట్టు ఫిన్లాండ్ ఛాంపియన్ అయింది. 1999లో ఆ లీగ్ ఆటగాళ్లే ఓటేసి ఎన్నుకునే ఉత్తమ ఆటగాడి బహుమతి, బంగారు హెల్మెట్, ఆయనకే ఇచ్చారు.

అప్పటికి గానీ అమెరికాలో కళ్లు తెరుచుకోలేదు. 1999లో న్యూజెర్సీ డెవిల్స్ జట్టు ఆయన్ని తీసుకుంది. లీగ్‌లో మొదటి ఆట ఆడేనాటికి ఆయనకి 26 నిండాయి. తోటివాళ్లలో కొందరికి అప్పటికే ఏడెనిమిదేళ్ల అనుభవం. ఆయనకి స్కాట్ స్టీవెన్స్‌ని జోడీగా పెట్టారు. స్టీవెన్స్ 6 అడుగుల 2 అంగుళాల మనిషి, ఆయన ఢీకొడితే లేవడం కష్టమని పేరు. ఒకరు గోడ, ఒకరు గాలి. ఆ ఏడాదే, 2000లో, జట్టు స్టాన్లీ కప్పు గెలిచింది. కొత్తవాళ్లలో ఉత్తములతో కూర్చే జట్టులోనూ రఫాల్‌స్కీ పేరు వచ్చింది. 2003లో మళ్లీ కప్పు.

మరి గోల్ ముందు తిష్ట వేసిన భీముళ్లని ఈయన ఎలా నెట్టాడు? నాకు అర్థమైనంతలో, నెట్టే అవసరం చాలావరకు రానివ్వలేదు. పక్ తన కాళ్ల దగ్గరకి రాకముందే ఎక్కడికి పంపాలో చూసి పెట్టుకునేవాడు. వచ్చిన క్షణంలోనే ముందున్న తనవాడికి అందించేసేవాడు. ఆ మొదటి పాసుకే ఆయనకి పేరు. పక్ మన గోల్ దగ్గర లేకపోతే అక్కడ కుస్తీ పట్టేదేముంది? పాలు పొంగే ముందే మంట తగ్గించినవాళ్లు స్టవ్ కడుక్కోనక్కర్లేదు. ఈ పని ఎంత గొప్పదో మనకి వేరే చెప్పాలా? పొంగలేదు కాబట్టి ఎవరి కంటా పడదు, అంతే.

2007లో ఆయన సొంత గడ్డకి, డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కి వచ్చాడు. అయిదేళ్లకి 3 కోట్ల డాలర్ల ఒప్పందం. ఒకప్పుడు పేరే పిలవని లీగ్ ఇది. 2008లో అక్కడ మూడో కప్పు. 2008-09లో, 35 ఏళ్ల వయసులో, ఒక్క సీజన్‌లో 59 పాయింట్లు, ఆయన జీవితంలోనే ఎక్కువ. గోల్ కొట్టినా, గోల్ కొట్టినవాడికి పక్ అందించినా ఒక్కో పాయింటు అన్నమాట. 2010 వాంకోవర్ ఒలింపిక్స్‌లో కెనడా మీద మొదటి ఆటలో 41వ సెకనులో గోల్ కొట్టాడు. ఆ ఆటలోనే ఇంకొకటి కూడా. ఫైనల్లో అదే కెనడా చేతిలో ఓడి అమెరికా వెండి పతకంతో సరిపెట్టుకుంది. ఆ పోటీల మొత్తంలో ఉత్తమ డిఫెన్స్‌మన్ మాత్రం రఫాల్‌స్కీ అన్నారు. ఎత్తుపల్లాలు చూడకుండా ఇచ్చిన బిరుదు అది.

2011లో, ఒప్పందంలో ఇంకా ఒక ఏడు మిగిలుండగానే, ఆట మానేశాడు. మోకాళ్లు, నడుము సహకరించలేదు, ఇంట్లో పిల్లలతో గడపాలనుకున్నాడు. ఆ ఏడాది జీతం 60 లక్షల డాలర్లు, అప్పటి లెక్కన మన 27 కోట్ల దాకా. వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు. మొత్తం 833 ఆటలు, 515 పాయింట్లు. 2014లో అమెరికా హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. విస్కాన్సిన్‌లో ఆయనకి ఆట నేర్పిన కోచ్ జెఫ్ సావర్‌ని కూడా అదే ఏడాది చేర్చారు. నాకన్నిటికన్నా నచ్చిన ముక్క ఇది. ఎవరూ పిలవకముందు ఆడించినాయన, అందరూ పిలిచే రోజున పక్కనే ఉన్నాడు.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఇది "కష్టపడితే ఏదైనా సాధించవచ్చు" అనే కథ అయిపోతుంది. పిల్లలకి చెప్పి, పాలగ్లాసు చేతికిచ్చి, మనం సీరియల్ చూసుకోవచ్చు. కానీ తర్వాత జరిగింది కూడా చదివాక నాకు వేరేలా అనిపించింది.

2004-05లో జీతాల గొడవ వల్ల ఆ లీగ్‌లో సీజన్ మొత్తం రద్దయింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు నిబంధనలు మార్చారు. కొక్కేలు వేయడం, పట్టి లాగడం ఇక ఊరుకోమన్నారు. పక్‌ని దూరంగా పాస్ చేయడానికి ఉన్న ఒక అడ్డు గీత నిబంధన తీసేశారు. దాంతో వేగం, పాసు, ముందు చూపు ఉన్నవాళ్లకి విలువ పెరిగింది. మెల్లిమెల్లిగా చిన్న ఒళ్లున్న డిఫెన్స్‌మన్లు ఎక్కువయ్యారు. జారెడ్ స్పర్జన్ అని ఒకతను 5 అడుగుల 9 అంగుళాలు. 2008లో ఒక జట్టు 156వ పేరుగా పిలిచి, తర్వాత ఒప్పందం రాయకుండా వదిలేసింది. 2010లో మిన్నెసోటా జట్టు శిబిరానికి, ఒకసారి చూస్తామంటే, వెళ్లాడు. 2021లో అదే జట్టుకి కెప్టెన్ అయ్యాడు.

ఇంకో అబ్బాయి క్విన్ హ్యూస్. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, అచ్చంగా రఫాల్‌స్కీ ఎత్తే. 2018 డ్రాఫ్ట్‌లో ఏడో పేరుగా పిలిచారు. 2024లో లీగ్ మొత్తానికి ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నారిస్ ట్రోఫీ అతనికే వచ్చింది. అదే 5 అడుగుల 10 అంగుళాలు. ఒకరిని 250 మందిలో కూడా లెక్కపెట్టలేదు, ఇంకొకరిని ఏడో పేరుగా పిలిచారు. మధ్యలో అంగుళం ఏమీ పెరగలేదు. మారింది ఆట నిబంధనలు, చూసేవాళ్ల కళ్లు.

ఇది చదివినప్పుడు నాకు మా వంటింటి గట్టు గుర్తొచ్చింది.

నేను 4 అడుగుల 10 అంగుళాలు. పెళ్లిచూపుల్లో ఆడపడుచు పక్కన నిలబెట్టి చూసుకున్నారు. "చెప్పులు విప్పమ్మా" అన్నారు కూడా. పెళ్లయ్యాక పదిహేనేళ్లు అద్దె ఇళ్లలో వండాను. ఏ ఇంట్లో చూసినా గట్టు నా నడుము పైకే. పీట వేసుకుని నిలబడేదాన్ని. పప్పు రుబ్బితే భుజాలు లాగేవి, అటక మీది డబ్బా కావాలంటే ఇంట్లో ఎవరో ఒకరు రావాలి. నేను పొట్టిదాన్ని కాబట్టి నాకిన్ని తిప్పలు అనుకున్నాను, మా వారూ అదే అనుకున్నారు. సొంతిల్లు కట్టుకునేటప్పుడు మేస్త్రీ అడిగాడు, "గట్టు ఎంత ఎత్తు పెట్టమంటారమ్మా?" అని. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. 30 అంగుళాలు పెట్టించుకున్నాను. ఆ రోజు నుంచి నా వంటింట్లో నేను పొట్టిదాన్ని కాను. సంక్రాంతికి వచ్చిన మా తోడికోడలు, 5 అడుగుల 6 అంగుళాల మనిషి, రెండ్రోజులు వండి "ఏం గట్టు ఇది, నడుము పడిపోయింది" అంది. పీట దాచిపెట్టాను గానీ, ఆమెకి పనికొచ్చే పీట ఏదీ లేదు పాపం.

అందుకే నా అభిప్రాయం ఏంటంటే, రఫాల్‌స్కీ కథలో నీతి పొట్టి పిల్లలకి ఉద్దేశించింది అనుకోను. వాళ్లు కష్టపడుతూనే ఉన్నారు. ఆయన అంత కష్టపడ్డాడు కాబట్టే మనకి పేరు తెలిసింది. స్వీడన్ దాకా వెళ్లలేక, డబ్బుల్లేక, లేదా మొదటి మాటకే మనసు విరిగి, స్కేట్లు అటక ఎక్కించేసినవాళ్లు ఎందరో. వాళ్ల పేర్లు ఏ గోడ మీదా ఉండవు. వాళ్లకి వెళ్లి "ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించాల్సింది" అని చెప్దామా? నీతి ఏదైనా ఉంటే అది టేపు పట్టుకుని కొలిచేవాళ్లకి. కొలవడానికి తేలిగ్గా ఉండేదాన్ని కొలిచి, కావలసింది అదేననుకోవడం ఉంది చూశారూ, ఆ తప్పు మనది. ఎత్తు టేపుకి అందుతుంది. పక్ వచ్చేలోపే దాని దారి చూసే చూపు ఏ టేపుకి అందుతుంది?

"అంటే ఎత్తుతో పనే లేదా?" అని మీరడగొచ్చు. ఉంది. అబద్ధమెందుకు? స్టీవెన్స్ లాంటి మనిషి పక్కన లేకపోతే రఫాల్‌స్కీకి ఇంకా కష్టమయ్యేది. చివరికి మోకాళ్లు, నడుము ఏం చేశాయో చూశాం. చిన్న ఒంటితో పెద్ద ఒళ్ల మధ్య ఏళ్ల తరబడి ఆడడం ఊరికే పోదు. అందుకని పిల్లలకి "ఎత్తుదేముంది" అని తీసిపారేయడం కూడా మోసమే. వాళ్లకి రోజూ తగులుతున్న దెబ్బని మనం లేదంటే, దాచుకోవడం నేర్చుకుంటారు, అంతే. ఆ జట్టువాళ్లు చేసిన పని నాకు నచ్చింది. నువ్వు ఇంత ఉన్నావు, నీకు ఇది చేతనవుతుంది, నీకు చేతకానిది చేసేవాడిని నీ పక్కన పెడతాం అన్నట్టు ఆడించారు. మంచి కుటుంబం చేయాల్సిన పనీ ఇదే కదా.

ఇంత మాట్లాడుతున్న నేను ఏం చేశానో కూడా చెప్పాలి. మా పడగ్గది తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలున్నాయి. మా అమ్మాయికి మూడో ఏడు నుంచి ప్రతి పుట్టినరోజుకి నిలబెట్టి గీసినవి. చిన్నప్పుడు ముచ్చటే. తర్వాత్తర్వాత నేనే ఆ గీతలకీ గీతలకీ మధ్య వేళ్లు పెట్టి చూడడం మొదలుపెట్టాను. నాలాగే అయిపోతుందేమోనని భయం. ఎదగడానికని ఏవేవో పొడులు పాలలో కలిపాను, పొద్దున్నే కడ్డీకి వేలాడమన్నాను. పధ్నాలుగో పుట్టినరోజున పెన్సిల్ తెచ్చేసరికి అది తలుపు దగ్గరికి రాలేదు. "ఇంక కొలవకమ్మా, నేనెప్పుడూ తక్కువే వస్తాను" అంది. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు దానికి పదహారు. ఆ గీత అక్కడే ఆగిపోయింది. మా చెల్లెలి కొడుకుని ఎవరో అందరి ముందూ అన్నారని కోపమొచ్చింది నాకు. ఆయన ఒక్కసారి అన్నాడు. నేను ఏడాదికొకసారి, పుట్టినరోజు పూట, తల నిమురుతూ అన్నాను.

నిన్న రాత్రి వాడికి ఫోన్ చేశాను. "పొడుగవ్వకపోతే అని అడిగావు కదా. అవ్వకపోవచ్చు నాన్నా. మీ అమ్మా నేనూ ఇంతే, మీ తాతయ్య కూడా ఇంతే. నీకు ఆ ఆటలో ఏది బాగా వచ్చో అది చెప్పు నాకు" అన్నాను. వాడు పది నిమిషాలు చెప్పాడు. సగం నాకు అర్థం కాలేదు. వెనక్కి స్కేటింగ్ చేస్తూ ఎదుటివాడి నడుము వైపు చూడాలట, కళ్లు మోసం చేస్తాయిగానీ నడుము చేయదట. డిఫెన్స్‌లోనే ఆడతావా అంటే ఆడతానన్నాడు. కోచ్ ఏమంటాడో ఇంకా తెలియదట.

ఫోన్ పెట్టేశాక అమ్మాయి గదిలోకి వెళ్లాను. "నీకు ఏది బాగా వచ్చే" అని దాన్నీ అడుగుదామనుకున్నాను. పదహారేళ్లలో ఆ ప్రశ్న దాన్ని నేనెప్పుడూ అడగలేదని అక్కడ నిలబడ్డాక తెలిసింది. అది హెడ్‌ఫోన్లు తీసి "ఏంటమ్మా?" అంది.

మీ ఇంట్లో కూడా తలుపు మీద గీతలున్నాయా?